తెరచాప ఎక్కిన దారపు ముక్కలు

నరసాపురంలో మా మరదలి కూతురు ఆడపిల్లను కన్నదని కబురు వచ్చిన పూటే నాకు ఈ ప్రయాణం రాసిపెట్టి ఉంది. మా అత్తవారి వైపు ఆడవాళ్ళు కుట్టుపనిలో మిగిలిన దారపు ముక్కలు పారెయ్యరు. పసిబిడ్డను ఉయ్యాలలో వేసేనాడు, చుట్టాలింటినుంచి వచ్చిన ముక్కలతోనే పరుపు కూరుతారు. పోగుకొక ఏడాది ఆయుష్షట. మా ఆవిడ నా నెత్తికెత్తిన మూట లెక్కన ఆ పిల్ల ప్రళయం చూసి, మళ్ళీ సృష్టి మొదలయ్యాక పెళ్ళాడాలి.

"ఎల్లుండి పొద్దున్నే ఉయ్యాల. ఈ మూట లేకపోతే పరుపు లేదు," అంది నేను గుమ్మం దిగుతుంటే మా ఆవిడ.

తెల్లవారుతూనే రాజమహేంద్రవరం విడిచి, ధవళేశ్వరం దగ్గర గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకుల వద్ద కాలువ పడవ ఎక్కాను. నా వెనుక వచ్చేవారికి మనవి: చద్దన్నం కట్టుకు రండి. అక్కడ అమ్మే జంతికలు లాకు తలుపులకు గడియలుగా తప్ప పనికిరావు.

పడవ కదలగానే పక్కనున్న పెద్దాయన, "చుట్ట విడిపోతోంది, ఒక్క పోగు ఇప్పించండి బాబూ," అన్నాడు. ఇచ్చాను. ఇక ఒకామెకు పూలు కట్టుకోవాలి, ఇంకొకాయనకు గొడుగు. మూటను పొట్టకు హత్తుకుని నిడదవోలు దాటాను.

మధ్యాహ్నం గాలి విసురుకు తెరచాప నడిమికి పర్రున చిరిగింది.

"ఇక గట్టెక్కి తాడుతో లాగాలండి. ఎల్లుండి సాయంత్రానికి చేరతాం," అన్నాడు సరంగు.

"కుట్టవయ్యా. నీ దగ్గర దారం లేదా?"

"నాకాడ లేదండి. మీకాడ ఉందండి."

పడవంతా నా పొట్టకేసి చూసింది.

పాలకొల్లు బడిపంతులుగారి భార్య మరియమ్మగారు లేసు అల్లే మనిషి. ఆవిడ చెయ్యి చాచింది. "ఉయ్యాల అయిపోయాక మూట చేరితే ఏం లాభమండి? ఇటివ్వండి."

ఇచ్చాను. ముక్కలన్నీ తడిపి, తొడమీద పేని, తాడంత దారం చేశారు. సరంగు తన పాత దుప్పటి ముక్క అతుకు పెట్టాడు. ఎర్రవి, పచ్చవి, నల్లవి, నా మరదలి మనవరాలి ఆయుష్షంతా ఆ అతుకులోకి దిగిపోయింది. ఒక్క పోగు మిగల్లేదు.

పాలకొల్లులో దిగుతూ మరియమ్మగారు, "మీ మరదలికి నా పేరు చెప్పండి," అంది.

"ఎందుకండీ?"

"తిట్టుకోవడానికి మీరొక్కరే అయితే ఏం బావుంటుంది?"

మర్నాడు చీకటి పడకముందే నరసాపురం చేరాం. గుమ్మంలోనే మా మరదలు, "మూటేదండీ బావగారూ?" అంది.

"రేవులో ఉందమ్మా. తెరచాప మీద."

ఏడుస్తుందనుకున్నాను. కత్తెర పట్టుకుని రేవుకు నడిచింది. అతుకును చేత్తో తడిమి, "మెత్తగానే ఉంది. పసిబిడ్డకి పాతగుడ్డే మంచిది. ఉడకేసి ఇదే పరుస్తాను," అంది.

"మరి నా చాపకి బొక్కండి," అన్నాడు సరంగు.

"బావగారి కండువా ఉందిగా."

పొద్దున్నే పిల్ల ఆ అతుకుమీద హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం ఉత్త భుజాలతో తిరుగు ప్రయాణం. ఒళ్ళో మా మరదలు అక్కగారికి పంపిన దారపు ముక్కల మూట, పొడుగు చాలినవన్నీ నా కండువా కుట్టడానికి పోగా మిగిలిన పొట్టివి. ఎదురుగా నా జరీ అంచు కండువా గాలి మింగి, నాకంటే దర్జాగా ఊరేగుతోంది. ఈ కాలువ ప్రయాణం చల్లగా ఉంటుందని విన్నాను. నిజమే, మరీ చల్లగా ఉంది.

మార్టేరు దగ్గర గాలి పెరిగింది. సరంగు కండువాకేసి చూశాడు, తరవాత మూటకేసి, ఆ తరవాత నా పంచెకేసి.