పెద్దత్తయ్య పట్టుకున్న ముక్కు

పెద్దత్తయ్య నా కూతురి ముక్కు పట్టుకుని ఏమీ అనకపోయేసరికి నా గుండె జారింది. ఆవిడ మా మామగారి అక్క. పెడనలో కలంకారీ బట్టల మీద అచ్చులు వేసేవారు. ఏ పసిబిడ్డనిచ్చినా రెండు వేళ్ళతో ముక్కు కొస పట్టుకుని, "ఇది మా నాన్నది," "ఇది మేనత్తది," అని అచ్చు గుర్తుపట్టినట్టు తేల్చేసేవారు.

ఆ రోజు గుడివాడలో మా ఇంట్లో పిల్ల బారసాల. ఆవిడ మౌనం చూసి ఆవిడ తమ్ముడు, మా చినమావయ్య, అందుకున్నారు.

"తండ్రి రక్తం 'ఏ' గ్రూపు, తల్లిది 'బి'. పిల్లదేమో 'ఓ' అంట. డీఎన్ఏ టెస్టు చేయిస్తే పోలా?"

నేను చెప్పాను. "మా ఇద్దరిలోనూ 'ఓ' జన్యువు దాగి ఉండొచ్చండీ. ఆ రెండూ కలిస్తే బిడ్డకి 'ఓ' వస్తుంది."

"ఏమోనమ్మా, టెస్టు చేస్తే తేలిపోద్దిగా!"

పెద్దత్తయ్య లేచారు. "చేయిద్దాంరా చిన్నోడా, ముందు నీకు! నీ ముక్కు మనింట్లో ఎవరిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అయినా తమ్ముడివనే గదా ఇన్నాళ్ళూ అన్నం పెట్టాను!" అంటూ అందరి ముందూ ఆయన ముక్కు పట్టుకున్నారు.

"అక్కా, వదలవే!" అని ఆయన ముక్కుతోనే మూలిగారు. నవ్వు ఆపుకోలేక మా అత్తగారు పాయసం గిన్నెతో సహా కింద కూలబడ్డారు. టెస్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న మా పెద్దాడు ఉయ్యాలలోకి తొంగిచూసి, "చెల్లి ముక్కు ఎవరిదమ్మా?" అన్నాడు.

ఇద్దరినీ ఒళ్ళోకి తీసుకుని చెప్పాను. "ముక్కు చెల్లిదేరా. చెల్లి మనది."