గీత దాటిన చెయ్యి

మొన్న మా హిందూపురం వీధిలో పక్కింటివాళ్ళు మెట్లకని ఒక పెద్ద గ్రానైట్ బండ తెప్పించారు. ట్రాక్టర్ లోపలిదాకా రాలేదు. కూలీలు బండకు మోకు కట్టి మట్టిదారిలో ఈడ్చుకుంటూ పోయారు. బండ నేలను గీరుకుంటూ పోయే ఆ గరగర చెవిన పడగానే నా చేతిలో కాఫీ గ్లాసు ఉందన్న సంగతే మరిచిపోయాను. మా ఆవిడ వచ్చి, "ఏమయింది, అట్ల నిలబడిపోయినావు?" అంది. ఏం చెప్పను? రామాంజులు సారు నా వెనకే నిలబడి, "ఏమప్పా, గీత మీద కన్ను పెట్టినావా?" అని అడిగినట్టుందని చెప్తే నవ్వుతుంది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది.

పెనుకొండ హైస్కూల్లో ఆయన మాకు వ్యాయామం సారు. ఈరోజు నేను ఈల మెడలో వేసుకుని పిల్లల్ని ఆడించి బతుకుతున్నానంటే ఆయన చలవే. బడిలో కబడ్డీ, ఖోఖో. జాతరల కాలం వస్తే చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు పందేలు జరిగినా రెఫరీ ఆయనే. కాడి కట్టిన జత ఎద్దులు పెద్ద రాతిబండను ఇచ్చిన గడువులోపల ఎంత దూరం లాగితే అంత గొప్ప. ఆ దూరం గురించి ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుంటాయి. సారు ఉన్నాడంటే మాత్రం కొట్లాట ఉండదు. పందెం రోజు ఎవరిచ్చినా టీ కూడా తాగేవాడు కాదు మహానుభావుడు. ఇంటినుంచి తెచ్చుకున్న సంగటిముద్ద, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి ఓ పక్కన కూర్చుని తినేవాడు. ఒకసారి కబడ్డీలో సొంత కొడుకునే ఔటిచ్చాడు. ఆ సాయంత్రం ఆయన భార్య అన్నం పెట్టలేదట. మరుసటి రోజు మాకు చెప్పి పకపకా నవ్వాడు. "ఆటను జనం చూస్తారు. మనం గీతను చూడల్ల. ఆటను చూస్తే మనసు ఒకపక్కకు ఒరిగిపోతాదిరా" అనేవాడు. ఆ మాట నేను వేదంలా పట్టుకున్నాను.

నాకు ఉద్యోగం వచ్చాక పందేలకు నన్నూ పిలిచేవాడు. ఆయన ముందువైపు, నేను ఎద్దుల బాట పక్కగీత దగ్గర. ఆ ఏడాది పెనుకొండ బయట బీడులో పందెం. రామగిరి దిక్కునుంచి గంగన్న అనే రైతు తన జతను తోలుకొచ్చాడు. రెండూ దూడలప్పటినుంచి ఇంట్లో పెరిగినవే. వెంట వాళ్ళమ్మ నాగమ్మవ్వ కూడా వచ్చింది. పందేనికి ముందు గంగన్న సారు దగ్గరికొచ్చి, "సార్, చెనక్కాయ పంట ఈసారీ పోయింది. గెలిస్తే ఊరూరి పందేలకు పిలుస్తారు, మేత ఖర్చు ఎల్లిపోతాది, ఎద్దులు ఇంట్లో ఉంటాయి. ల్యాకుంటే వీటిని అమ్ముకోని బెంగళూరు పోవాల్సిందే" అన్నాడు. సారు ముఖం పక్కకు తిప్పుకుని, "ఆ మాట నాకు చెప్పొద్దప్పా" అన్నాడు. వినకూడనిది వినేశానన్న బాధ ఆయన ముఖంలో నాకు కనిపించింది.

ఆ పొద్దున్నే ఒక పెద్దమనిషి జతను సారు పోటీనుంచి తీసేశాడు. వాళ్ళ మనిషొకడు గీత బయటనుంచి ఎద్దు తొడమీద చరిచాడు. బయటివాళ్ళ చెయ్యి ఎద్దుమీద పడితే ఆ జత లేనట్టే. అది రూలు. వాళ్ళు నానా తిట్లూ తిట్టి, "చూస్తాంలే సారూ, అందరినీ ఇట్లే కొట్టేస్తావో లేదో" అని అక్కడే కూర్చున్నారు.

మధ్యాహ్నం గంగన్న జత దిగింది. అబ్బ, ఏం లాగుడు అది! బండ కింద మట్టి పొగలాగా లేచింది. గడువు ఇంకా మిగిలే ఉంది, అప్పటిదాకా అందరికంటే ముందున్న జత దూరాన్ని దాటేశాయి. బాట చివర మళ్ళి తిరిగి వస్తూ నావైపున్న ఎద్దు కొంచెం పక్కకు జరిగి, నేనున్న చోట గీతను రాసుకుంటూ వచ్చింది. నాగమ్మవ్వ అక్కడే నిలబడి ఉంది. మావైపు ముసలివాళ్ళకు ఒక అలవాటు. పక్కనుంచి ఎద్దు పోతే వీపు తాకి ఆ చేతిని కళ్ళకద్దుకుంటారు. బసవన్న కదా. పందెమా, పొలమా అని చూడరు. ఆ అవ్వ కూడా కుడిచెయ్యి చాచి తాకింది, కళ్ళకద్దుకుంది. పెదవులు ఏదో గొణుగుతూనే ఉన్నాయి. సారు ఈల మోగింది.

తర్వాత జరిగిన గోల ఏం చెప్పమంటారు! "ముసల్ది దండం పెట్టుకునిందబ్బా! దండానికి గూడా శిక్ష ఏస్తారా?" అని ఒకరు. "పొద్దున మావాడు చరిచినా చెయ్యే, ఇదీ చెయ్యే!" అని పొద్దున పోటీనుంచి పోయినవాళ్ళు. నేను పరిగెత్తుకుంటూ సారు దగ్గరికి పోయాను. "సార్, చెయ్యి తగిలినప్పుడు ఎద్దు బెదిరి ఒక్క క్షణం ఆగింది. ముందుకు దూకలేదు. నష్టం వాళ్ళకే. కొట్టేయొద్దు సార్" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయనకు ఎదురుచెప్పాను.

"ఆగింది నేనూ చూసినా" అన్నాడు నెమ్మదిగా.

"మరేంటికి సార్?"

"పొద్దున నేను మనసును చూల్యా, చేతినే చూసినా. ఇప్పుడు మనసును చూస్తే పొద్దుటిది అన్యాయం అయితాది గదప్పా."

గంగన్న జత పోటీనుంచి పోయిందని మైకులో ఆయనే చెప్పాడు. గంగన్న కాడి విప్పి ఎద్దుల మెడలు రుద్దుతూ ఉండిపోయాడు. అవ్వకు సంగతి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక తన అరచేతిని తానే తిప్పి తిప్పి చూసుకుంది.

కొన్నాళ్ళకు గంగన్న ఎద్దుల్ని అమ్మేశాడని తెలిసింది. కొన్నవాడు రైతు కాదు. ఆ ఎద్దులు యాడికి పోయుంటాయో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. సారు నన్ను వెంటబెట్టుకుని రామగిరి వైపు ఆ ఊరికి పోయాడు. గంగన్న అప్పటికే బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. ఇంట్లో అవ్వ ఒక్కతే. ఎద్దుల్ని కట్టే గాటిపాట ఖాళీగా ఉన్నా ఊడ్చి శుభ్రంగా పెట్టింది. మమ్మల్ని చూసి లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఎడమచేత్తో ఇచ్చింది.

ఆ తరం మనిషి అతిథికి ఎడమచేత్తో ఇవ్వడమంటే మాటలు కాదు. ఆమే చెప్పింది. "ఏమనుకోవద్దు సామీ. ఆ చెయ్యి మంచిది కాదు. ఇంటిని ముంచిన చెయ్యి. దాంతో కూడు గూడా తింటాల్యా."

సారు, "అవ్వా, తప్పు నీది కాదు, నాది" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వు రూలు ప్రకారం జేసినావు నాయనా. నీకేం పాపం?" అంది. ఆమె తిట్టి ఉంటే ఆయన ఇంకొన్నాళ్ళు బతికేవాడేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సారు పెనుకొండ బస్టాండులో దిగాక ఈల తీసి నా జేబులో పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ పందేనికీ రాలేదు. రిటైరై ధర్మవరంలో కూతురి ఇంట్లో ఉన్నప్పుడు అప్పుడప్పుడూ పోయి చూసేవాణ్ణి. పక్కగదిలో మగ్గం ఆడుతూ ఉండేది. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "ఎద్దు ఆగిందా, దూకిందా?"

"ఆగింది సార్."

"ఆగింటే నష్టం వాళ్ళదే గదా. మరి నేనేంటికి కొట్టేస్తిని?"

ఇప్పుడూ ఆయన చేసింది తప్పని అనలేను, ఒప్పని నిద్రపోలేను. నాగమ్మవ్వ పోయేవరకూ ఎడమచేత్తోనే తిన్నదట. ఆ సంగతి తెలిసి కూడా ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు పందేలకు నన్ను పిలుస్తారు. ఆయన ఈలే ఊదుతాను. రూలు అదే, మార్చే ధైర్యం నాకూ లేదు. కానీ నేను గీతను చూడను. గీత వెనక నిలబడ్డ ముసలివాళ్ళ చేతుల్ని చూస్తుంటాను. ఒక చెయ్యి కాస్త లేచిందంటే చాలు, "ఓ అవ్వా, చెయ్యి ఎనక్కి తీయ్!" అని గొంతు చించుకుంటాను. బసవన్నకు దండం కూడా పెట్టుకోనీయని పాపిష్టోడని నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఇంటికి పోయి కుడిచేత్తో అన్నం తింటారు.