జేబులో ఉండిపోయిన ఫ్యూజు

తార్నాకలో మొగిలి కొట్టు ముందు ఒక రేకు ముక్క వేలాడుతుంటుంది: "ఇక్కడ డైరెక్ట్ చేయబడదు." బండ్ల కరెంటు పనిలో డైరెక్ట్ అంటే ఫ్యూజు తీసేసి తీగను తిన్నగా కలిపేయడం. బండి నడుస్తుంది, ఏదో ఒకరోజు తగలబడుతుంది. తనకు పని నేర్పిన గురువు చేతులు అలాగే కాలాయని మొగిలి చెబుతాడు. "కోర్టు నోటీసులా ఉందయ్యా నీ బోర్డు" అని నేను చాలాసార్లు వెక్కిరించాను.

నా పేరు అచ్యుతరామయ్య. నోటి దురుసు ఎక్కువ, ఓపిక తక్కువ.

ఆ శనివారం మొగిలి నిరోష వ్యాను పని చేస్తున్నాడు. ఆమె యూనివర్సిటీలో వ్యాను ఆపుకుని, అందులోనే జొన్నరొట్టెలు కాల్చి విద్యార్థులకు అమ్ముతుంది. కొత్తగా ఫ్రిజ్ పెట్టింది, పాత బ్యాటరీ చాలడం లేదు. మొగిలి పెద్ద డైనమో, పెద్ద బ్యాటరీ బిగించి, రెంటి మధ్యా వేలంత లావు తీగ లాగాడు. ఛార్జింగ్ చూడటానికని ఒక్క నిమిషం డైరెక్ట్ కలిపి, ఫ్యూజు చొక్కా జేబులో వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నేను వెళ్లి, నా కారు హారన్ మోగడం లేదని అతని ప్రాణం తోడేశాను.

"సార్, జర ఆగుండ్రి. చేతిల పని ఉన్నది."

"నీ పనికి అంతుంటుందా? ముందు నాది చూడు!"

అతను లేచి నా హారన్ బాగుచేశాడు. ఆ గొడవలో వ్యాను పని అయిపోయిందనుకుని నిరోషకు తాళాలు ఇచ్చేశాడు.

మంగళవారం నేను కొట్టు దగ్గరే ఉన్నాను. మొగిలి భార్య సుజాత ఫోన్ చేసింది. చేతులకు గ్రీజు ఉందని స్పీకర్ పెట్టాడు.

"నీ అంగీ పిండుతుంటే జేబుల ఫ్యూజు దొరికింది. అక్కరున్నదా?"

మొగిలి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నిరోషకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

"సార్, జల్ది కారు తీయుండ్రి. గా బ్యాటరీ పక్కనే గ్యాసు సిలిండర్ ఉన్నది."

దారంతా హారన్ కొడుతూనే పోనిచ్చాను. చాలా భయమేసింది.

వ్యాను చుట్టూ పదిమంది విద్యార్థులున్నారు. మొగిలి వాళ్లను దూరంగా పొమ్మని, స్టౌ ఆర్పించి, సీటెత్తి బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఇనుప అంచుకు రాసుకుని ఒకచోట పైతొడుగు అరిగింది. లోపల రాగి కనిపిస్తోంది.

"ఏమైందన్నా?" అంది నిరోష.

తీగ ఎలా ఉందో చూసిపోదామని వచ్చానని మొగిలి చెప్పొచ్చు. నేనైతే అదే చెప్పేవాణ్ణి.

"డైరెక్ట్ ఇచ్చి మర్శిపోయిన చెల్లె. తప్పు నాదే" అన్నాడు మొగిలి.

ఆమె వంగి ఆ రాగిని చూసింది. "మస్తు మంది తక్కువల చేస్తమన్నరు అన్నా. నీ బోర్డు చూసే నీ తాన ఇచ్చిన" అంది.

అంతకంటే తిట్టినా బాగుండేది. మొగిలి కొత్త తీగ కోయబోయాడు. తప్పు అతనిది కాదమ్మా, నాది అని చెప్పాలని నోరు తెరిచాను.

"సార్, జర ఆగుండ్రి" అన్నాడు మొగిలి తలెత్తకుండా. "చేతిల పని ఉన్నది."

ఈసారి ఆగాను.