చూద్దాం అన్నాక కూర్చోవడం

ఫెలోషిప్‌కి ఎంపికయ్యానని తెలిసిన రోజు అదేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఉద్యోగమా అంటే కాదు, చదువా అంటే కాదు. ఏడాది పాటు ఖర్చులకు ఇస్తారు, అనుభవం ఉన్న మనిషి దగ్గర పని నేర్పిస్తారు, సర్కారు పెట్టిన నియమం జనానికి అడ్డం వస్తే దాన్ని మార్చమని ఎవరిని ఎలా అడగాలో తెలుసుకోవడమే ఆ పని అని చెప్పాను. మా నాయన చాలాసేపు ఆలోచించి, "అట్లయితే అర్జీలు రాసే పని నేర్చుకుంటాండావు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బెంగళూరులో పబ్లిక్ పాలసీ చదివి వచ్చినదాన్ని పట్టుకుని అనే మాటేనా అది? రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు.

మా ఆఫీసు, కర్ణాటకలోనే అయినా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే చిక్కబళ్ళాపురంలో, పూల మార్కెట్టుకు దగ్గరగా, ఒక ఎరువుల అంగడి మిద్దె మీద ఉండేది. కింద నుంచి ఎరువుల ఘాటు వచ్చేది, గాలి తిరిగితే చామంతుల వాసన వచ్చేది. నాకు మెంటర్‌గా ఇచ్చిన ఆమె బాగేపల్లి మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. కలెక్టరాఫీసు అటెండరు దగ్గర్నుంచి ఊళ్ళలో ముసలివాళ్ళ దాకా ఆమెను అక్కా అనే పిలిచేవారు. నూలు చీర కట్టుకుని, భుజానికి సంచి తగిలించుకుని, ఆ సంచిలో వేయించిన చెనక్కాయలు లేకుండా బయలుదేరేది కాదు. మెంటర్ అంటే భుజం తట్టి ధైర్యం చెప్పే మనిషి అనుకుని వెళ్ళాను. అక్క భుజం తట్టే రకం కాదు. నచ్చితే ఒక చెనక్కాయ చేతిలో పెట్టేది, నచ్చకపోతే తనే ఒలుచుకుని తినేది.

మొదట్లో జిల్లాలోని పల్లె బస్సుల మీద ఒక రిపోర్టు తయారు చేశాను. రంగురంగుల పటాలతో చూడముచ్చటగా వచ్చిందని నా నమ్మకం. అక్క పేజీలన్నీ ఓపికగా తిప్పింది, చెనక్కాయలన్నీ తనే తినేసింది.

"బాగుండాది. ఈ పని యా కుర్చీలో ఉండాది?" అంది.

రవాణా శాఖలో అన్నాను.

"శాఖకి కుర్చీ ఉండదమ్మా. మనిషికి ఉంటాది. ఆ మనిషెవురో కనుక్కో, తర్వాత మాట్లాడదాం."

లోపల గొణుక్కుంటూనే వెళ్ళాను. వారం తిరిగేసరికి ఆ ప్రశ్నతో ప్రేమలో పడ్డాను. ఏదో మహా యంత్రం అనుకున్న సర్కారు, ఒక్కో నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి ఒక గదిగా, ఒక బల్లగా, ఆ బల్ల వెనక టీ చల్లారిపోతున్న ఒక మనిషిగా కనపడటం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఏ సమస్య విన్నా నాకు ముందు గుర్తొచ్చేది ఆ కుర్చీ మాటే.

అప్పుడే చింతామణి నుంచి బట్లహళ్ళి వైపు పోయే దారిలోని ఒక ఊరి సంగతి మా దగ్గరికి వచ్చింది. ఆ ఊరికి సాయంకాలం వచ్చే బస్సును వేళ మార్చి ముందుకు జరిపారు. చింతామణి కాలేజీలో ఆఖరి క్లాసు అయ్యేలోపే అది వెళ్ళిపోయేది. కాలేజీకి పోయే ఆడపిల్లలు కొందరు వేరే బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, చీకటి పడుతుండగా మల్బరీ తోటల మధ్య నడుచుకుంటూ ఊరు చేరేవారు. ఒక్కొక్కరే మానేయగా, చివరికి పీయూసీ, అంటే ఇంటర్, రెండో ఏడాది చదువుతున్న ఒక పిల్ల మాత్రం మిగిలింది. వాళ్ళ నాయన మోటారు సైకిల్ మీద ఎదురు పోదామంటే సరిగ్గా అదే వేళకు డెయిరీలో పాలు పోయాలి. అర్ధ సంవత్సరం పరీక్షల లోపల బస్సు వేళ సరి కాకపోతే కాలేజీ మాన్పిస్తానని ఆయన చెప్పేశాడు. చెడ్డవాడు కాదు. నేను వాదనకు దిగితే, "చదువు వద్దని కాదు పాపా, దావ చూసి చూసి నా పానం పోతాండాది" అన్నాడు.

తాలూకు ఆఫీసులో నెలకోసారి జనం మొర వినే సభ జరుగుతుంది. బస్సు డిపో వాళ్ళు కూడా వస్తారు. ఆ సభలో మాట్లాడటానికి నేను రాత్రింబగళ్ళు సిద్ధమయ్యాను, కన్నడంలో, గణాంకాలతో సహా. అక్క విని, మాట్లాడేది నేను కాదని, పిల్ల తల్లి అని తేల్చేసింది. ఆ తల్లి మా ఎదుట కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడే మనిషి. ఇది జరిగే పని కాదని నేను అంటే, అందుకే కదా ముందు రోజు ఊరికి పోతున్నాం అంది.

ముందు రోజు అంటే అక్క పద్ధతుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది. ఏ ఆఫీసుకు ఎవరు వెళ్ళాల్సి వచ్చినా, ఆ ముందు రోజు వాళ్ళ ఊళ్ళోనే ఆఫీసు పెట్టేది. ఆ పిల్ల వాళ్ళ ఇంట్లో పట్టుపురుగుల కొట్టం ఒక పంట అయిపోయి ఖాళీగా ఉంది. పురుగులు గూళ్ళు కట్టే వెదురు తట్టలు, చంద్రికలు, గోడకు ఆనించి ఉన్నాయి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాం. అక్క ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, ఫోన్ చేతిలో పట్టుకుంది. అంతే, అక్క మాయమై ఆఫీసరు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న తల్లి వైపు, ఆమెకు తోడు వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళ వైపు చూడదు. లేని కాగితాల మీద సంతకాలు పెడుతుంది. మధ్యలో ఎవరో ఫోన్ చేసినట్టు లేచి మూలకు పోయి కన్నడంలో మాట్లాడి వస్తుంది. ఇంటివాళ్ళు మజ్జిగ తెస్తే, సాహేబులు డ్యూటీలో మజ్జిగ తాగరని వెనక్కి పంపింది. నవ్వాపుకోలేక నేను చంద్రికల వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

తల్లి తడబడుతూనే చెప్పింది. కూతురి సంగతి, చీకటి సంగతి, పాల వేళ సంగతి. అంతా విని అక్క తల ఎత్తకుండానే, "ఆయ్తమ్మా, నోడోణ" అంది. సరేనమ్మా, చూద్దాం అని.

తల్లి వెంటనే లేచి, రెండు చేతులూ జోడించి, మిగతా ఆడవాళ్ళను కూడా లేపి బయలుదేరింది.

"యాడికి పోతాండారు?" అంది అక్క.

చూద్దామన్నారు కదా అంది తల్లి.

ఇది మా వైపు మర్యాద. పెద్ద మనిషి చూద్దామన్నాక ఇంకా కూర్చుంటే ఆయన మాట మీద నమ్మకం లేదన్నట్టు. లేచి దండం పెట్టి రావాలి. ఆఫీసర్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. కాదు అని చెప్పి ఎవరినీ నొప్పించే అవసరం వాళ్ళకు రాదు. అక్క ఆ తల్లిని మళ్ళీ కూర్చోబెట్టింది, మళ్ళీ చెప్పించుకుంది, మళ్ళీ నోడోణ అంది. తల్లి మళ్ళీ లేచింది. కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయని ఆమే నవ్వింది. ఎండ వాలేదాకా ఇదే పని. చూద్దాం అన్నాక లేవకూడదు, యా దినం అని అడగాలి, దినం చెప్పేదాకా కూర్చోవాలి. గొంతు పెంచకూడదు, ఏడవకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఇది ఎక్కడ నేర్చుకున్నావక్కా అని. ఏ పుస్తకం పేరో చెబుతుందని నోట్ చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, వాళ్ళ నాయన గురించి చెప్పింది. బోరుకు కరెంటు కోసం బాగేపల్లి ఆఫీసుకు తిరిగేవాడట. పోయిన ప్రతిసారీ సంతోషంగా ఇంటికి వచ్చేవాడట.

"సాహేబులు చూద్దామన్నారు అని మా అమ్మతో చెప్పేవాడు. ఆయన ఎవురికైనా చూద్దామంటే చేసేవాడు. అందురూ తన మాదిరే అనుకున్నాడు. కరెంటు వచ్చేపాటికి బోరు ఎండిపోయింది."

ఆ తర్వాత సంచిలో చెయ్యి పెట్టి నాకొక చెనక్కాయ ఇచ్చింది. ఎందుకిచ్చిందో తెలియదు, నేనేమీ చెయ్యలేదు. నాకు ఆమె మీద గౌరవం అంతకుముందూ ఉండేది, కానీ ఆ రోజు నుంచి అది ఇష్టమైపోయింది.

సభ రోజు అక్క లోపలికి రాలేదు. తను కనపడితే ఆడవాళ్ళు ఆఫీసరును కాక తన ముఖాన్ని చూస్తూ మాట్లాడతారట. బయట టీ అంగడి దగ్గర కూర్చుంది. నన్ను వాళ్ళ పక్కన కూర్చోబెట్టి, నోరు తెరిచావంటే ఫెలోషిప్ ఇక్కడితో సరి అని బెదిరించింది. మా వంతు వచ్చింది. తల్లి కొంగు నోటి మీది నుంచి తీసి చెప్పింది. ఒక మాట కూడా మరిచిపోలేదు. ఆఫీసరు మర్యాదస్తుడే, అక్క వేషం కట్టిన ఆఫీసరు కంటే చాలా నయం. అంతా విని, తల ఊపి, "ఆయ్తమ్మా, నోడోణ" అన్నాడు.

నేను లేచాను.

అవును, నేనే. రెండు చేతులూ జోడించి మరీ లేచాను. మా నాయన, మా తాత, మా ఊరంతా కలిసి నన్ను లేపారు. ఆ తల్లి నా చున్నీ పట్టుకుని కిందికి లాగి, "కూసోమ్మా, ఇంకా దినం చెప్పలేదు" అంది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, నెమ్మదిగా, అచ్చం మా తెలుగులోనే అడిగింది.

"యా దినం చూస్తారు సార్?"

ఆఫీసరు డిపో మనిషిని చూశాడు, డిపో మనిషి ఫ్యాన్‌ను చూశాడు. ఇద్దరూ కాసేపు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. వచ్చే సోమవారం అని చెప్పారు. అప్పుడు ఆమె లేచింది, చేతులు జోడించింది. ఆ నమస్కారం అంత బాగా పెట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

బయటికి వచ్చి, నేను లేచిన సంగతితో సహా అక్కకు చెప్పాను. పొలమారేదాకా నవ్వింది.

సోమవారం బస్సు వేళ మారలేదు. నేను కుంగిపోయాను, అక్క మాత్రం హుషారైపోయింది. ఆ దినం దాటితే మళ్ళీ పోవడానికి మనకు దారి ఉంటుందనే కదా దినం చెప్పించుకున్నది అంది. మంగళవారం అదే ఆడవాళ్ళు అక్కా, నేనూ లేకుండానే వెళ్ళి డిపో ముందర కూర్చున్నారు. ఆ వారంలోనే బస్సు పాత వేళకు వచ్చింది. మొదటి రోజు నేను ఆ ఊళ్ళో ఉన్నాను. పిల్ల దిగేసరికి వాళ్ళ నాయన డెయిరీ ముందు పాల క్యాను పట్టుకుని వరుసలో ఉన్నాడు. కూతుర్ని చూశాడు, వరుస ముందుకు కదిలినా కదలకుండా అలాగే నిలబడ్డాడు.

ఇప్పుడు అక్క బాగేపల్లిలో తన ఇంట్లోనే ఉంటోంది. కొత్తగా వచ్చే ఫెలోలకు నేను మెంటర్‌ని, ముందు రోజు ప్లాస్టిక్ కుర్చీలో ఆఫీసరుగా కూర్చునేదీ నేనే. అక్కంత బాగా ఫోన్ చూడటం నాకింకా రాలేదు అనుకునేదాన్ని.

మొన్న ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసి మా ఆఫీసుకు వచ్చింది. తనకూ ఫెలోషిప్ కావాలంది. ఈ ఏటి ఎంపిక అయిపోయిందని, వచ్చే ఏడాది ఎలా ఉంటుందో తెలియదని చెప్పాను. ఇంతలో ఏదో ఫోన్ వస్తే అందులోకి చూస్తూ, మనస్ఫూర్తిగానే, చూద్దాంలే అన్నాను.

కాసేపటికి తల ఎత్తితే ఆ పిల్ల కుర్చీలోనే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కుదురుగా కూర్చుంది.

"యా దినం అక్కా?" అంది.

నేను ఫోన్ బోర్లించి, గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాను.