ఎర్ర దీపం కింద దిక్కు మరిచిన పిట్ట

శనివారం ఉదయం ఆరున్నరకు హౌరాలో దిగాను. విశాఖ నుంచి ఇంత దూరం రప్పించింది పిడికెడంత పిట్ట. సాల్ట్ లేక్ పరిశోధనశాలలో పనిచేసే నా మేనకోడలు వసుధ ఫోన్‌లో ఏడ్చింది. శీతాకాలానికి వలస వచ్చిన ఆ పిట్ట ఉత్తరానికి తిరిగి వెళ్లే వేళయింది. నాలుగు రోజులుగా దానికి దిక్కు తెలియడం లేదు. అలా వదిలితే ఎటో ఎగిరి చస్తుంది.

“నేనే పాడుచేశాను మావయ్యా” అంది.

లాంచీలో నది దాటుతుంటే ఒక పెద్దమనిషి ఏం పని మీద వచ్చారని హిందీలో అడిగాడు. పిట్ట కోసమన్నాను. ఆయన కాస్త అవతలికి జరిగాడు. బస్సు పట్టుకుని తొమ్మిదింటికి సాల్ట్ లేక్ చేరాను.

కచోరీలు తింటూ వసుధ వివరించింది. పిట్ట కంట్లోని ఒక ప్రోటీన్ మీద నీలి వెలుగు పడితే ఎలక్ట్రాన్ ఒకటి చోటు మారుతుంది. జతగా ఉన్న ఎలక్ట్రాన్లు రెండూ విడిపడతాయి. ఆ క్షణంలో వాటి రసాయన చర్య ఎటు మొగ్గాలన్నదాన్ని భూమి అయస్కాంత బలం ప్రభావితం చేస్తుంది. దిక్సూచి ముల్లును కదపడానికే సరిపోయేంత బలహీనమైన బలం అది. పిట్టకు దిక్కు తెలిసేది దానివల్లేనని వీళ్ల నమ్మకం.

సాయంత్రం ఐదున్నరకు పరీక్ష. కిటికీల్లేని గది, చుట్టూ రాగితీగ చుట్టలు. పిట్ట బెదురుతుందని వసుధ లోపలికి వెళ్లదు, పక్కగదిలో కెమెరా తెర చూస్తుంది. చీకట్లో చూసే ఆ కెమెరాకు అన్నీ బూడిదరంగే. గుండ్రటి పంజరంలో పిట్ట ఎటుపడితే అటు తిరుగుతూనే ఉంది.

నీళ్లు పెట్టడానికి, పిట్టల బాగోగులు చూసే ప్రభుదాస్ ఆ గది తలుపు తీశాడు. ఈ ఊళ్లోనే గార్డెన్ రీచ్ పేటలో ఉండే తెలుగాయన, అరవై దాటాయి, ఒకప్పుడు స్టూడియో చీకటిగదిలో ఫొటోలు కడిగేవాడు. వెనక నిలబడి తొంగిచూశాను. గదంతా ఎర్రగా ఉంది. ఈ దీపం ఎప్పుడు పెట్టారని అడిగాను.

“నాలుగు రోజులైనాది బాబూ. ఆ నీలి దీపం పిట్ట కళ్లల్లో గుచ్చుతాది. ఎర్ర దీపం కింద ఏటీ పాడవదు. చీకటిగదిలో ముప్పయ్యేళ్లు చూశాను కదా.”

నిజమే, ఎర్ర వెలుగు కింద ఏమీ జరగదు. పిట్ట కంట్లోనూ ఏమీ జరగలేదు. సంగతి చెబితే వసుధ కుర్చీలో కూలబడి నవ్వింది, ఏడ్చింది. ప్రభుదాస్ ఎర్ర బల్బు తీసి నీలిది బిగించాడు.

ఆరింటికి పిట్ట ఆగింది. ఉత్తరానికి తిరిగి నిలబడింది. వసుధ తీగచుట్టల్లో కొద్దిపాటి కరెంటు పంపి అయస్కాంత దిక్కు మార్చింది. పిట్ట మెల్లగా తూర్పుకు తిరిగింది. ఆపితే మళ్లీ ఉత్తరానికి. ఎవరో పిలుస్తున్నట్టే ఉంది, గదిలో చప్పుడు మాత్రం లేదు. నాకు నిజంగా భయం వేసింది.

ఆ సాయంత్రమే డాబా మీద ప్రభుదాస్ దోసిలి విప్పాడు. “తప్పయిపోనాది తల్లీ, ఎళ్లిరా” అన్నాడు. పిట్ట ఒక్క చుట్టు తిరిగి, తడుముకోకుండా ఉత్తరానికి పోయింది.

ఆదివారం తిరుగు రైలు. భోజనాలయ్యాక పెట్టెలో దీపాలన్నీ ఆర్పేశారు, నీలి రాత్రిదీపం ఒక్కటే మిగిలింది. అలాంటి ప్రోటీనే మన కళ్లలోనూ ఉందని వసుధ చెప్పింది. పై బెర్తులో వెల్లకిలా పడుకుని ఆ దీపాన్నే చూశాను. నా కంట్లోనూ ఆ పిలుపు పలుకుతూనే ఉందేమో. రైలు వంపు తిరిగింది. ఎటో నాకు తెలియలేదు.