డేల్ బ్యాటుతో దంచిన కారం

ముందే చెబుతున్నాను. ఇది చదివి నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. జాలిపడితే మాత్రం ఊరుకోను. నేను చేసింది చిన్నాచితకా పొరపాటు కాదు. ఒక మనిషి తొమ్మిదేళ్ళ కష్టాన్ని స్టీలు పీచు పెట్టి తోమేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అసలు కోపం మొదలైంది మిక్సీ మీద. రెండువేల తొమ్మిది, మే నెల, అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా అమ్మాయి అపార్ట్‌మెంట్. నాకప్పటికి అరవై రెండేళ్ళే, వయసు పొగరు ఇంకా దిగలేదు. ఇండియన్ స్టోర్‌లో పుల్లటి మామిడికాయలు దొరికాయి. బాల్కనీలో ఎండబెట్టిన మిరపకాయలు గలగలమంటున్నాయి. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు పోయారు. ఆవకాయకు కారం పడదామని మిక్సీ తిప్పితే, అది రెండుసార్లు దగ్గి, పొగ వదిలి చచ్చింది.

రోకలి కోసం ఇల్లంతా వెతికాను. గిన్నెలు తోమే మిషనుంది, బట్టలు ఆరబెట్టే మిషనుంది, రోకలి లేదు! ఏం సంసారాలండీ ఇవి? అప్పుడు కనబడింది, మనవరాలు నిత్య గదిలో, తలుపు వెనక. నున్నటి కర్ర. పైన సన్నం, కింద లావు, కొసన చిన్న గిన్నెలాంటి గుంట. దంచడానికి ఇంతకన్నా ఏం కావాలి? మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. తెలుగు అక్షరాలే యాభై దాటాక నేర్చుకున్నదాన్ని, ఇంగ్లీషు జోలికి నేనెందుకు పోతాను? కంపెనీ పేరై ఉంటుందిలే అనుకున్నాను.

లావు వైపు నడిమధ్య గుండ్రంగా ఒక నల్లటి మరక. ఆవకాయలోకి పోయే కారం కదా, మురికి కర్రతో దంచుతామా? పీచుకు సబ్బు పట్టించి పావుగంట తోమాను. మరక మొండిది. నేను మొండితనానికే అమ్మమ్మను. పోయేదాకా వదల్లేదు.

తుడిచి ఆరబెట్టి, అడుగు మందమున్న గిన్నె ముందేసుకుని మొదలుపెట్టాను. ధన్! ధన్! గోడ మీది గడియారం ఊగిపోయింది.

మా కింద ఇంట్లో ఉండేది డేల్. నిత్యకూ ఆ చుట్టుపక్కల పిల్లలకూ బేస్‌బాల్ నేర్పేవాడు. ఒకప్పుడు జీతానికి ఆడినవాడే. తొమ్మిదేళ్ళు చిన్న లీగుల్లో బస్సులెక్కి ఊరూరా తిరిగాడు. పెద్ద లీగుకు ఒక్కసారి పిలిచి, నాలుగు రోజులకే పంపేశారు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క బంతి కొట్టాడు. ఒక్కటే!

నా చప్పుడు భరించలేక ఆయన పైకొచ్చాడు. స్కూలు నుంచి అప్పుడే వస్తున్న నిత్య, తాళం తీసి ఆయన్ని లోపలికి తీసుకొచ్చింది. ఆయన తుమ్మాడు. నా చేతిలోది చూశాడు. ముఖం నా మిరపకాయల రంగుకు తిరిగింది.

"అమ్మమ్మా! అది డేల్ అంకుల్ బ్యాట్! క్లాస్‌లో చూపించడానికి నాకిచ్చాడు!"

"అంత గొప్పదాన్ని తలుపు వెనక చీపురు పక్కన పెడతారటే?"

డేల్ బ్యాటు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మార్క్ ఏదీ అంటున్నాడు అమ్మమ్మా."

"ఆ మురికా? పావుగంట తోమాను. థాంక్స్ చెప్పమను."

నిత్య ఏడుస్తూనే విషయం చెప్పింది. ఆ మురికి, ఆ ఒక్క బంతి తగిలిన గుర్తట. డేల్ వాళ్ళన్న ఇరవై ఏళ్ళుగా "నువ్వు కొట్టలేదురా, బంతే వచ్చి నీ బ్యాటును రాసుకుపోయింది" అని ఎగతాళి చేస్తున్నాడట. దెబ్బ నడిమధ్య తగిలిందనడానికి ఆ గుర్తొక్కటే సాక్ష్యమట. ఆదివారం వాళ్ళ ఊరి స్కూల్లో ఆ బ్యాటును అద్దాల పెట్టెలో పెడుతున్నారట, ఆ అన్న కళ్ళముందే!

తప్పు నాదని తెలిసింది. తెలిస్తే నోరు మూసుకోవాలి కదా? నా నోరు మూతపడే రకమా!

"తొమ్మిదేళ్ళకు ఒక్క దెబ్బా? దీంతో నేను ఇప్పటికి మూడొందల దెబ్బలు వేశాను, ఒక్కటీ గురి తప్పలేదని చెప్పవే!"

"నేను చెప్పను!"

"చెప్పు!"

చెప్పింది. డేల్ పళ్ళు నూరుతూ ఏదో అన్నాడు.

"ఏమంటాడే?"

"సండే నువ్వు కూడా రావాలంట. స్టేజ్ ఎక్కి వాళ్ళ బ్రదర్‌కి నువ్వే చెప్పాలంట, మార్క్ మిడిల్‌లోనే ఉండేది, నేనే కడిగేశాను అని."

వెళ్ళాను. రెండు గంటలు ఆయన కారులో, నిత్య పక్కన, పట్టుచీర కట్టుకుని, కోర్టుకు తీసుకుపోతున్న దొంగలా కూర్చున్నాను. స్కూలు హాల్లో ముందు వరసలో అన్నగారు, కాలు మీద కాలు, మూతి మీద వెటకారం. చూడగానే ఆయన మీదా కోపమొచ్చింది.

డేల్ స్టేజ్ ఎక్కి, ఆనాటి బంతి ఎలా వచ్చిందో చెబుతూ, బ్యాటును గాలిలో ఒక్క ఊపు ఊపాడు. పాపం, పైపైన తుడిచాడే గాని కొసనున్న గుంట సంగతి ఆయనకేం తెలుసు? అందులో నా కారం గట్టిగా కూరుకుపోయి ఉంది. అదంతా కనబడీ కనబడకుండా లేచి ముందు వరస మీద వాలింది.

అన్నగారి కళ్ళు ధారలు కట్టాయి. పక్కావిడ రుమాలు తీసింది. ముందు వరసంతా ఏడవడం చూసి వెనక వరసలు కరిగిపోయి, లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. నేను నేరం ఒప్పుకోవడానికి మైకు దగ్గరికి నడిచాను. నిత్య నా కొంగు లాగింది.

"అమ్మమ్మా, నువ్వింకా ఏం చెప్పలేదు, అప్పుడే అందరూ ఏడుస్తున్నారు!"

ఇంతలో అన్నగారు స్టేజ్ ఎక్కి, తమ్ముణ్ణి వాటేసుకుని, ముక్కు చీదుకుంటూ ఏదో అన్నాడు.

"ఏమంటాడే?"

"'ఇప్పుడు నమ్ముతున్నా' అంట. 'ఇన్నేళ్ళూ ఇట్లా ఎందుకు చెప్పలేదు' అంట."

డేల్ అన్న భుజం మీదుగా నన్ను చూశాడు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. కారానికో, దేనికో. నా వైపు వేలు చూపించి ఒకే మాట అన్నాడు. తర్జుమా అక్కర్లేకుండా నాకు అర్థమైన మొదటి ఇంగ్లీషు మాట అదే: "సిట్!"

కూర్చున్నాను. కూర్చున్న చోటే ఒట్టు పెట్టుకున్నాను. ఈ భూమ్మీద ఏ మరకైనా సరే, అది ఎవరిదో, ఎన్నేళ్ళుగా దాచుకున్నారో నలుగురినీ అడిగి గాని పీచు ముట్టను. అది మా అల్లుడు తాగి వదిలేసిన కాఫీ కప్పైనా అంతే. అక్కడే ఉంటుంది, ఎండిపోనీ.