టైపు మేడమ్ చివరి ఆదివారం

మా టైపు మేడమ్ పోయిన నెల కాంబోడియాలో చనిపోయారు. అక్కడ ఒక చిన్న ఊరి బడిలో ఆమె పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. దహనం అక్కడే అయిపోయింది. అస్థికలు ఏం చేయాలో చెప్పమని ఆ బడి హెడ్మిస్ట్రెస్ నన్ను అడుగుతోంది. నాకు తెలియదు. ఆత్మకూరులో ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఎవరికైనా తెలుసేమోనని, ఇంక ఆలస్యం చేయకూడదని ఇది రాస్తున్నాను.

నాది సీతారామపురం వైపు పల్లె. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. అందులో చదువుకున్న మొదటి మనిషిని నేనే. డిగ్రీకి ఆత్మకూరు హాస్టల్లో చేరాక, ఉద్యోగానికి పనికొస్తుందని ఎవరో చెబితే టైపుకు వెళ్లాను. మొదటి రోజు గుమ్మంలో నిలబడి, ఎన్ని గంటలకు రావాలని అడిగాను. మిషన్ల ముందున్న నలుగురూ చేతులు ఆపి నా వైపు తిరిగారు.

"ఏమ్మే, నేనేమన్నా అవతల కొండ మీద ఉండానా? ఈడనే ఉండాను గదా," అన్నారు మేడమ్.

గొర్రెల వెనక తిరిగిన గొంతు అంత తేలిగ్గా తగ్గదు. నేను తల దించుకున్నాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, మిషన్ మీద నా చేతులు పెట్టి, వాటి మీద తువ్వాలు కప్పారు. "కళ్లతో వెతకబాక. వేళ్లకు తెలుస్తాది," అన్నారు.

కంప్యూటర్లు వచ్చాక ఆ గదికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఏడాది తిరిగేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. మేడమ్ పెళ్లి చేసుకోలేదు. వాళ్లమ్మ పోయాక ఇంట్లో కూడా ఒక్కరే. ఒకరోజు ఎవరికో అర్జీ టైపు చేసి, కాగితం బయటికి లాగి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఇరవై ఏళ్లు దాటింది మే, ఇంగ్లీషు కొట్టబట్టి. వేళ్లకు వచ్చింది గానీ నోటికి రాలా."

మర్నాటి నుంచి మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాం. "నీకు భయం, నాకు సిగ్గు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాము," అనేవారు. సాయంత్రాలు బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఉదయగిరి బస్సు లేటని, కలువాయి బస్సులో సీటు కోసం తువ్వాలు వేసినాయన ఎక్కలేకపోయాడని, కనిపించిందల్లా ఇంగ్లీషులో చెప్పుకునేవాళ్లం. జనం మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. ఆమె ఆగేవారు కాదు.

ఆమె ఫోనులోనే పాఠాలు విని, పరీక్షలు రాసి, బయటి దేశాల్లో ఇంగ్లీషు చెప్పడానికి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. కాంబోడియా బడి రమ్మనేసరికి ఆమెకు నలభై ఎనిమిది నిండాయి. పక్కనున్న జిరాక్సు షాపాయన, "ఈ వయసులో ఆడికి పోయి ఏంది చేస్తావు మేడమ్?" అన్నాడు.

"ఏబీసీడీలు చెప్తాను. నీకూ రావు గదా, నువ్వు గూడా రా," అన్నారు.

నెల్లూరు దాకా నేను తోడు వెళ్లాను. రైలు కదిలేటప్పుడు ఆమె ఏడవలేదు. పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టానా అని మూడుసార్లు చూసుకున్నారు, అంతే.

అక్కడి సంగతులు మొదట్లో గంటలు గంటలు చెప్పేవారు. "సంగం కాలవ కింద మడి చూసినట్టే ఉండాది మే. అన్నం ఉండాది, చింతపండు ఉండాది. కూరలో చక్కెర ఎందుకేస్తారో మాత్రం తెలీదు," అని నవ్వేవారు. ఒకసారి మాత్రం, "పొద్దస్తమానం మాట్లాడతానే ఉంటాను. దాంట్లో నా మాట ఒక్కటీ ఉండదు," అన్నారు. నేను, భోజనం చేశారా అని అడిగాను.

ఇంతలో నాకు ఉదయగిరిలో ప్రైవేటు బడిలో ఉద్యోగం వచ్చింది. బడి, ట్యూషన్లు, ఇంటి దగ్గర సరిగా అందని సిగ్నల్. మాట సగంలో తెగిపోయేది. అప్పుడు నేనే ఆమెకు మా ఇంటి పద్ధతి చెప్పాను. మా నాయన మందతో దూరం పోయినప్పుడు, దాన్ని దొడ్డికి తోలాక ఇంటికి ఒక రింగు ఇస్తాడు. మేము ఎత్తం. అది మోగిందంటే అంతా క్షేమమని.

"నన్ను గూడా గొర్రెల్లో కలిపేస్తివా?" అని మేడమ్ నవ్వారు. కానీ ఒప్పుకున్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఒక రింగు వచ్చేది. నేను వెంటనే తిరిగి ఒక రింగు ఇచ్చేదాన్ని. పోను పోను మా మాటలన్నీ ఆ రెండు రింగులకే వచ్చాయి. నాకు అది చాలుననిపించింది. ఆమెకు చాలిందో లేదో నేను అడగలేదు.

ఆ ఆదివారం ఫోను ఆగిపోయేదాకా మోగింది. కాసేపటికి మళ్లీ మోగింది. వాకిట్లో ఉన్న నాయన, "ఎవురమ్మా అది, ఎత్తరాదా?" అన్నాడు.

"మేడమ్, నాయనా. బాగుండానని చెప్తా ఉండారు. ఎత్తకూడదు," అన్నాను.

నా వంతు రింగు ఇచ్చి, పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. బుధవారం హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. మంగళవారం మేడమ్ బడికి రాకపోతే గదికి వెళ్లి చూశారట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. బడి కాగితాల్లో అయినవాళ్ల పేరు రాసేచోట నా పేరు ఉంది. బంధుత్వం అన్నచోట 'విద్యార్థిని' అని టైపు చేసి ఉంది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఆ రోజు దాంతోనే ఆమె చావు కబురు విని, సరేనండి అన్నాను.

కలువాయిలో ఉన్న మేడమ్ వాళ్లన్నను కలిశాను. "అది మాతో ఏం చెప్పేది కాదమ్మా. నీకే తెలిసుంటాది. నువ్వెట్టంటే అట్ట," అన్నాడు పెద్దాయన. ఆయన దుఃఖం నిజమైనదే. కానీ నాకు తెలుసునని ఆయన అనుకోవడం నేను మోయలేకపోయాను. కాంబోడియాకు బయలుదేరేముందు మేడమ్, "ఏదన్నా అయితే పెన్నకు తీసకరండి," అన్నారు. రెండేళ్ల తర్వాత, "ఈ పిల్లోళ్లు నన్ను ఇంక యాడికీ పోనీరు," అన్నారు. రెండూ నవ్వుతూ అన్నవే. ఆ ఆదివారం రెండుసార్లు ఫోన్ చేసి ఏం చెప్పాలనుకున్నారో నాకు ఎప్పటికీ తెలియదు. నేను ఎత్తకపోతే ఇంకెవరికైనా చేశారేమో అన్నదే నాకు మిగిలిన ఆశ.

అస్థికల కుండను స్టాఫ్ రూములో కిటికీ పక్కన ఉంచారట. అక్కడ వానలు మొదలయ్యాయి. జల్లు పడుతోందని దాన్ని బీరువా మీదికి మార్చామని హెడ్మిస్ట్రెస్ నిన్న రాసింది.

ఆ సాయంత్రం ఆమె మీలో ఎవరితోనైనా మాట్లాడి ఉంటే, అంతకుముందైనా తన అస్థికలు ఎక్కడ కలపాలో ఎవరి దగ్గరైనా అని ఉంటే, వచ్చే నెల పదో తేదీలోగా ఈ పత్రిక చిరునామాకు రాయండి. పదకొండున నేను ఆ బడికి జవాబు చెప్పాలి. మీకూ తెలియకపోతే, తెలియదనైనా ఒక ముక్క రాయండి.